గాజుపాత్రలో ఒక మాట, రక్తంలో ఒక మాట: జెనిస్టీన్ కథ

(సభకు రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ నుంచి ఎత్తి రాసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం. ఈ సాయంత్రం నన్ను ఒకే ఒక్క పదార్థం గురించి మాట్లాడమన్నారు. దాని పేరు జెనిస్టీన్. సోయా గింజల్లో ఐసోఫ్లావోన్లనే పదార్థాల కుటుంబం ఒకటి ఉంది. జెనిస్టీన్, డైడ్జీన్, గ్లైసిటీన్ అనేవి అందులో ముఖ్యమైన మూడు. ఆ మూడింటిలోనూ పరిశోధకుల చేతుల్లో ఎక్కువగా నలిగింది జెనిస్టీనే. సభ మొదలుకాక ముందే ముందువరసలో కూర్చున్న ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ఇంతకీ అది మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్కలో చెప్పేయండి" అన్నారు. ఆయన ఇంకా ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. అయ్యా, ఒక్క ముక్కలో చెప్పలేను. చెప్పలేకపోవడానికి కారణం నా చాతకానితనం మాత్రమే కాదు. ఆ ప్రశ్నలోనే కొన్ని ముక్కలు తక్కువయ్యాయి. ఎంత మోతాదులో? ఏ రూపంలో? ఎవరి ఒంట్లో, ఏ వయసులో? ఈ ప్రశ్నలు వేయకుండా జెనిస్టీన్ గురించి ఎవరు ఏమి చెప్పినా, అది సగం నిజమే అవుతుంది. నేను ఈ పూట చేయబోయేదల్లా ఆ తక్కువైన ముక్కలను వెతకడమే.

ముందు పేరు సంగతి చూద్దాం. జెనిస్టీన్ అన్న పేరు సోయా నుంచి వచ్చింది కాదు. యూరప్‌లో పసుపు రంగు అద్దకానికి వాడే ఒక పొద ఉంది. వృక్షశాస్త్రంలో దాన్ని జెనిస్టా టింక్టోరియా అంటారు. 1899లో పెర్కిన్, న్యూబరీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ పొదలోని రంగు పదార్థాలను వేరుచేస్తూ దీన్ని పట్టుకున్నారు. అంటే ఇది మొదట అద్దకంవాళ్ల వస్తువు. ఆరోగ్యానికీ దీనికీ సంబంధం ఉందన్న ఊహ కూడా అప్పటికి ఎవరికీ లేదు.

ఆ సంబంధం బయటపడింది గొర్రెల వల్ల. 1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి విపరీతంగా మేసిన గొర్రెలు ఈనడం మానేశాయి. కొన్ని మందల్లో గొడ్డుతనం ఎంతగా పెరిగిందంటే పశువైద్య పరిశోధకులు దాన్ని ఒక కొత్త రోగంగానే 1946లో నమోదు చేశారు. గడ్డిలో ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌లా పనిచేసేది ఏదో ఉందని తేలింది. వెతికితే జెనిస్టీన్ దొరికింది. దొంగ దొరికాడనుకున్నారు. కాని అసలు దొంగ వేరు. జెనిస్టీన్‌ను గొర్రె పొట్టలోని మొదటి అరలో ఉండే సూక్ష్మజీవులు విరగ్గొట్టి, హార్మోన్ గుణం లేని పదార్థంగా మార్చేస్తాయి. అదే గడ్డిలో ఉన్న ఫార్మోనోనెటిన్ అనే మరో ఐసోఫ్లావోన్‌ను మాత్రం ఆ సూక్ష్మజీవులే ఈక్వోల్ అనే బలమైన రూపంలోకి మారుస్తాయి. గొర్రెలను గొడ్డుపోయేలా చేసింది అది. ఈ ముచ్చట నేను ఎందుకు ఇంత తీరిగ్గా చెబుతున్నానంటే, తిన్న పదార్థం ఒకటి, ఒంట్లో పనిచేసే పదార్థం మరొకటి అన్న పాఠం ఈ రంగంలో మొదటి అధ్యాయంలోనే ఉంది. అయినా తర్వాతి పరిశోధకులు దాన్ని చాలాసార్లు మరిచిపోయారు. నేనూ మరిచిపోయాను. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక ఇది ఈస్ట్రోజెన్‌లా ఎలా పనిచేస్తుంది? మన కణాల్లో ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే ప్రోటీన్లు ఉంటాయి, వాటిని గ్రాహకాలంటారు. జెనిస్టీన్ ఆకారం, దాని రెండు చివర్లలో ఉన్న హైడ్రాక్సిల్ సమూహాల మధ్య దూరం ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటాయి. అందువల్ల ఆ గ్రాహకం దీన్ని కూడా పట్టుకుంటుంది. చాలా ఏళ్లు గ్రాహకం ఒక్కటే అనుకున్నారు. 1996లో స్వీడన్ పరిశోధకులు ఎలుక ప్రోస్టేట్ గ్రంథిలో రెండోదాన్ని కనుగొన్నారు. మొదటిది ఆల్ఫా, రెండోది బీటా. జెనిస్టీన్‌కు ఆల్ఫా మీద ఉన్న పట్టు బలహీనమైనది, బీటా మీద ఉన్న పట్టు దానికి ఎన్నో రెట్లు గట్టిది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రొమ్ములోను గర్భాశయంలోను కణాలను పెరగమని చెప్పేది ప్రధానంగా ఆల్ఫా. బీటా చాలాచోట్ల ఆ పెరుగుదలకు కళ్లెం వేస్తుంది. అలాంటప్పుడు జెనిస్టీన్‌ను 'మొక్కల ఈస్ట్రోజెన్' అని పిలిచి, ఈస్ట్రోజెన్‌కు ఉన్న మంచిచెడ్డలన్నీ దాని నెత్తిన పెట్టడం న్యాయమేనా? ఆ పేరు పూర్తిగా తప్పు కాదు, కాని ఆ పేరు వల్ల జరిగిన గందరగోళం అంతా ఇంతా కాదు.

హార్మోన్ కథ ఇలా నడుస్తుండగానే 1987లో ఇంకో తలుపు తెరుచుకుంది. జపాన్ పరిశోధకులు జెనిస్టీన్ టైరోసిన్ కైనేజ్‌లనే ఎంజైమ్‌లను ఆపుతుందని చూపించారు. ఈ ఎంజైమ్‌లు కణం లోపల పెరుగుదల సంకేతాలను అందించే వార్తాహరులు. క్యాన్సర్ కణాల్లో ఇవి అదుపు తప్పి పనిచేస్తాయి. ఆ రోజుల్లో వీటిని ఆపగల పదార్థాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. అలాంటిది, తినే గింజలో ఉండే పదార్థమే ఆ పని చేస్తుందంటే ఎవరికి ఉత్సాహం రాదు? ప్రయోగశాలలన్నీ దీన్ని తెప్పించుకున్నాయి. డీఎన్‌ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్ అనే ఎంజైమ్‌ను కూడా ఇది అడ్డుకుంటుందని వెంటనే తెలిసింది. 1993లో కొత్త రక్తనాళాలు మొలవడాన్ని ఆపుతుందని కూడా తెలిసింది.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మా ప్రయోగశాల ఫ్రీజర్‌లో కూడా ఒక చిన్న సీసా ఉండేది. జెనిస్టీన్ నీళ్లలో సరిగా కరగదు కాబట్టి డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించి, గాజుపాత్రలో పెరుగుతున్న కణాల మీద 50 మైక్రోమోలార్ గాఢతలో పోసేవాళ్లం. పక్కనే మరో పాత్రలో పోలిక కోసం డైడ్జీన్ పోసేవాళ్లం, ఎందుకంటే దాని ఆకారం దాదాపు అదే అయినా కైనేజ్‌ను అది ఆపదు. జెనిస్టీన్ పోసిన పాత్రలో కణాలు పెరగడం మానేసేవి, కొన్ని చచ్చిపోయేవి. మేము సంతోషించేవాళ్లం. ఇది మనిషి తిండిలో ఉంది, క్యాన్సర్ కణాన్ని చంపుతోంది, ఇక కావలసిందేముంది అనుకునేవాళ్లం. ఆ 50 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని మాలో ఒక్కరం కూడా అడగలేదు. అందరూ వాడుతున్నారు కాబట్టి మేమూ వాడాం, అంతే.

ఇప్పుడు ఆ అంకెను కాస్త పట్టి చూద్దాం. 1993లోనే ఫిన్లండ్ శాస్త్రవేత్తలు ఒక చిన్న లెక్క ప్రచురించారు. రోజూ సోయా తినే జపాన్ పురుషుల రక్తంలోను, సోయా దాదాపు ఎరగని ఫిన్లండ్ పురుషుల రక్తంలోను జెనిస్టీన్ ఎంత ఉందో కొలిచారు. ఫిన్లండ్‌వారిలో సగటున సుమారు 6 నానోమోలార్, జపాన్‌వారిలో సుమారు 276 నానోమోలార్. రెండింటికీ మధ్య తేడా నలభై రెట్లకు పైనే, చాలా పెద్దది. కాని 1000 నానోమోలార్ అయితేనే 1 మైక్రోమోలార్ అవుతుందని గుర్తుపెట్టుకోండి. మేము గాజుపాత్రలో పోసిన 50 మైక్రోమోలార్ అంటే 50,000 నానోమోలార్. జీవితమంతా సోయా తిన్న మనిషి రక్తంలో ఉన్నదానికి అది దాదాపు 180 రెట్లు.

కథ అక్కడితో కూడా ఆగదు. రక్తంలో కొలిచిన ఆ 276 కూడా పనిచేసే రూపంలో ఉన్నది కాదు. గింజలో జెనిస్టీన్ విడిగా ఉండదు. చక్కెర అణువును తగిలించుకుని జెనిస్టిన్ అనే రూపంలో ఉంటుంది. పేర్లు వినడానికి ఒకేలా ఉన్నాయి, కాస్త ఓపిక పట్టండి. పేగు గోడలోని ఎంజైమ్‌లు, పేగులోని సూక్ష్మజీవులు కలిసి ఆ చక్కెరను తీసేస్తాయి. అప్పుడు విడి జెనిస్టీన్ లోపలికి వెళుతుంది. వెళ్లిన వెంటనే పేగు కణాలు, ఆ తర్వాత కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేటునో జతకడతాయి. ఒంట్లోకి వచ్చిన ఏ కొత్త పదార్థానికైనా శరీరం చేసే మర్యాద ఇదే, నీళ్లలో కరిగే రూపం ఇచ్చి మూత్రం దారి చూపించడం. ఇలా జతకట్టిన రూపానికి గ్రాహకం మీద పట్టు చాలా తక్కువ. రక్తంలో తిరిగే మొత్తంలో స్వేచ్ఛగా ఉన్నది నూటికి కొద్ది వంతులే. కొన్ని కణజాలాల్లో ఆ జత మళ్లీ ఊడిపోయే అవకాశం ఉందనే వాదన ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. అయినా గాజుపాత్రకూ రక్తానికీ మధ్య ఉన్న దూరం మీకు కనిపించే ఉంటుంది.

మరి ఎలుకల మీద చేసిన పరీక్షల సంగతి ఏమిటి? ఇక్కడే అందరినీ భయపెట్టిన ఫలితం వచ్చింది. 1998లో అమెరికా పరిశోధకులు రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకల అండాశయాలు తీసేసి, వాటిలో మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలను నాటి, తిండిలో జెనిస్టీన్ కలిపి పెట్టారు. కణితులు తగ్గలేదు, పెరిగాయి. మేము గాజుపాత్రలో ఏ కణాలను చంపామని సంబరపడ్డామో అలాంటి కణాలే ఎలుకలో పెరిగాయి. ఎక్కువ గాఢతలో కైనేజ్‌ను ఆపే పదార్థం తక్కువ గాఢతలో ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని తట్టిలేపుతోంది. ఆ ఎలుక ఒంట్లో సొంత ఈస్ట్రోజెన్ లేదు కాబట్టి ఈ బలహీనమైన పదార్థమే అక్కడ పెద్దదిక్కయింది. అప్పటి నుంచి రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలను సోయా ముట్టవద్దని ఎందరో వైద్యులు హెచ్చరించారు. ఆ ఫలితాన్ని చూశాక వాళ్లు అలా అనడంలో నాకు తప్పు కనిపించదు.

అయితే ఆ తర్వాత రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఇంచుమించు అదే బృందం 2004లో ఇంకో పరీక్ష చేసింది. జెనిస్టీన్ మొత్తాన్ని సమానంగా ఉంచి, కొన్ని ఎలుకలకు సోయా పిండి పెట్టారు, కొన్నింటికి శుద్ధిచేసిన సారం, మరికొన్నింటికి విడి పదార్థం పెట్టారు. శుద్ధి పెరిగిన కొద్దీ కణితి పెరిగింది, పిండి తిన్న ఎలుకల్లో పెరగలేదు. అంకె అదే, రూపం మారింది, ఫలితం మారిపోయింది. రెండోది, చిట్టెలుక కాలేయం మనిషి కాలేయంలా జెనిస్టీన్‌ను జతకట్టదు. దాని రక్తంలో స్వేచ్ఛా రూపం మనిషిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని 2011లో చూపించారు. ఎలుక అబద్ధం చెప్పలేదు, తన ఒంటి సంగతి తాను చెప్పింది. దాన్ని మన ఒంటికి ఆపాదించింది మనం.

మనుషుల్లో ఏమైంది? షాంఘైలో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన 5,042 మంది స్త్రీలను కొన్నేళ్లపాటు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సోయా ఎక్కువగా తిన్న నాలుగో వంతు మందిలో, అతి తక్కువగా తిన్న నాలుగో వంతుతో పోలిస్తే మరణాలు సుమారు 29 శాతం, జబ్బు తిరగబెట్టడం సుమారు 32 శాతం తక్కువగా ఉన్నాయి. ఇది చూసి వెంటనే సోయా మందు అనకండి. ఇది పరిశీలన మాత్రమే. సోయా ఎక్కువగా తినేవాళ్ల మిగతా అలవాట్లు కూడా వేరుగా ఉండవచ్చు. కాని ఎలుకలో చూసినట్టు మనిషిలోనూ కీడు జరిగే మాటైతే, ఇంతమందిలో దాని నీడైనా కనిపించాలి కదా? కనిపించలేదు. ఇంకో పక్క 2014లో, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సకు ముందు 140 మంది స్త్రీలను యాదృచ్ఛికంగా విడదీసి, ఒక జట్టుకు కొద్ది రోజులు సోయా ప్రోటీన్ పొడి ఇచ్చి కణితులను పరీక్షించారు. జెనిస్టీన్ రక్తంలో బాగా పెరిగిన కొందరిలో కణ విభజనకు సంబంధించిన కొన్ని జన్యువుల చురుకుదనం పెరిగింది. దానివల్ల కణితి నిజంగా పెరిగిందా అన్నది ఆ కొద్ది రోజుల్లో తేలే విషయం కాదు. అయినా ఈ ఫలితాన్ని నేను మీ దగ్గర దాచలేను. తిండికి ఒక న్యాయం, గాఢమైన పొడికి ఒక న్యాయం ఉండాలని నేను అనడానికి అదొక కారణం.

ఎముకల దగ్గరకు వద్దాం. ఇది నాకు ఇష్టమైన తగాదా. 2007లో ఇటలీలో 389 మంది స్త్రీల మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. అందరూ ముట్లు ఆగిపోయి, ఎముకల సాంద్రత తగ్గినవాళ్లే. సగం మందికి రోజుకు 54 మిల్లీగ్రాముల శుద్ధ జెనిస్టీన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఇద్దరికీ కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. రెండేళ్ల తర్వాత జెనిస్టీన్ తీసుకున్నవారిలో నడుము వెన్నుపూసల్లోను, తొడ ఎముక పైభాగంలోని మెడలోను సాంద్రత పెరిగింది, మిగతావారిలో తగ్గింది. కడుపుకు సంబంధించిన ఇబ్బందులు మాత్రం మందు తీసుకున్నవారిలో ఎక్కువ. ఎముక పలచబడే రోగానికి మందు దొరికిందని చాలామంది రాశారు. నాలుగేళ్లకు, 2011లో, అమెరికాలో 248 మంది స్త్రీలకు రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లావోన్ల మాత్రలు రెండేళ్లపాటు ఇచ్చి చూశారు. ఎముక క్షయం ఆగలేదు. రెండు జట్లలోనూ దాదాపు సమానంగానే తగ్గింది. ఎవరిని నమ్మాలి? ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఒకచోట శుద్ధ జెనిస్టీన్, ఇంకోచోట మిశ్రమం. ఒకచోట ఎముక అప్పటికే పలచబడినవాళ్లు, ఇంకోచోట ముట్లు ఆగి ఎక్కువ కాలం కానివాళ్లు. అసలు చూడవలసింది సాంద్రత కూడా కాదు, పడితే ఎముక విరుగుతుందా లేదా అన్నది. ఆ లెక్క తేల్చేటంత పెద్దవి కావు ఈ పరీక్షలు.

ముట్లు ఆగే వయసులో స్త్రీలకు ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కుతుంది, వాటినే వేడి ఆవిర్లంటారు. వాటి విషయంలో కాస్త స్పష్టత ఉంది. 2012లో 17 పరీక్షలను కలిపి లెక్కగట్టితే, ఉత్తుత్తి మాత్రతో వచ్చే ఉపశమనం పోగా ఇంకా సుమారు 21 శాతం ఆవిర్లు తగ్గాయి. అందులోనూ రోజుకు 18.8 మిల్లీగ్రాములకు మించి జెనిస్టీన్ ఉన్న మాత్రల ప్రభావం అంతకన్నా తక్కువ ఉన్నవాటికి రెట్టింపు దాటింది. ఇందాక చెప్పిన అమెరికా పరీక్షలో మాత్రం మాత్రలు తీసుకున్న జట్టులోనే ఆవిర్లు ఎక్కువ మందికి కనిపించాయి, అదీ గమనించండి. కొలెస్టరాల్ విషయం త్వరగా ముగిస్తాను. 1990ల్లో చెప్పుకున్నంత గొప్ప లేదని 2006లో అమెరికా హృద్రోగ సంఘం తేల్చింది. చెడు కొలెస్టరాల్ కొద్ది శాతమే తగ్గుతుంది, ఆ కొంచెం కూడా సోయా ప్రోటీన్ చలవే గాని ఐసోఫ్లావోన్లది కాదు.

ఇక పసిపిల్లలు. నేను నిజంగా జాగ్రత్తగా మాట్లాడవలసిన చోటు ఇదే. ఆవు పాలు పడని శిశువులకు సోయాతో చేసిన పాలపొడి ఇస్తారు. వాళ్లకు వేరే తిండి ఉండదు, రోజంతా అదే. 1997లో ఒక చిన్న అధ్యయనంలో ఏడుగురు శిశువుల రక్తం పరీక్షిస్తే, ఆ వయసులో సహజంగా ఉండే ఈస్ట్రోజెన్ కన్నా ఐసోఫ్లావోన్లు 13,000 నుంచి 22,000 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. వీటి బలం ఈస్ట్రోజెన్ బలం కన్నా ఎంతో తక్కువ, అందులోనూ ఎక్కువ భాగం జతకట్టిన రూపమే. అయినా ఆ అంకె చిన్నది కాదు. పుట్టిన మొదటి అయిదు రోజులు జెనిస్టీన్ సూదిమందుగా ఎక్కించిన ఆడ చిట్టెలుకలు పెద్దయ్యాక గొడ్డుపోయాయి, కొన్నింటికి గర్భాశయ క్యాన్సర్ వచ్చింది. సూది వేరు, పాలు వేరు అని మీరు అంటారు, నిజమే. 2001లో ఇలాంటి పాలు తాగి పెరిగిన యువతీయువకులతో సహా 811 మందిని వెతికిపట్టి పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడాలు కనిపించలేదు, స్త్రీలలో బహిష్టు కాస్త ఎక్కువ కాలం, కాస్త ఎక్కువ ఇబ్బందితో ఉండటం తప్ప. 2010లో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం దీని మీద ఆందోళన 'కనీస స్థాయి'లో ఉందని చెప్పింది. 2018లో మరో అధ్యయనం సోయా పాలు తాగే ఆడశిశువుల్లో ఈస్ట్రోజెన్ స్పందన లక్షణాలు కనిపిస్తున్నాయని చూపింది. అది రోగం కాదు, కాని శరీరం ఆ పదార్థాన్ని గుర్తిస్తోందనడానికి సాక్ష్యం. అవసరమైన శిశువుకు ఆ పాలు ఇవ్వవద్దని నేను అనను. వైద్య కారణం లేకుండా వాటినే ఎంచుకోవడానికి మాత్రం నాకు కారణం కనిపించదు.

ఒక కథ చెప్పి ముగిస్తాను. సాన్‌ఫిలిప్పో అనే అరుదైన జన్యురోగం ఉంది. పిల్లల మెదడులో హెపరాన్ సల్ఫేట్ అనే పదార్థం పేరుకుపోయి, నేర్చుకున్న మాటలు, నడక ఒక్కొక్కటిగా పోతాయి. 2006లో పోలండ్ పరిశోధకులు ఆ పిల్లల కణాలను గాజుపాత్రలో పెంచి జెనిస్టీన్ ఇస్తే ఆ పేరుకుపోవడం తగ్గింది. కైనేజ్‌ను ఆపడం ద్వారా అసలు తయారీనే తగ్గిస్తోందన్నారు. తర్వాత చిట్టెలుకలకు కిలో బరువుకు రోజుకు 160 మిల్లీగ్రాములు ఇస్తే వాటి ప్రవర్తన కూడా బాగుపడింది. తల్లిదండ్రుల ఆశను మీరు ఊహించుకోగలరు. పిల్లల మీద అదే మోతాదుతో, యాదృచ్ఛికంగా జట్లు చేసి, ఉత్తుత్తి మందుతో పోల్చి, మాంచెస్టర్‌లో ఏడాదిపాటు పరీక్షించారు. 2021లో ఫలితం వచ్చింది. ఇంత మోతాదునూ పిల్లలు తట్టుకున్నారు. కాని వెన్ను ద్రవంలో ఆ పదార్థం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, పిల్లల స్థితి మెరుగుపడలేదు. పాత్రలో నిజం, ఎలుకలో నిజం, పిల్లవాడిలో మాత్రం కాలేదు.

చీటీల మీద కొన్ని ప్రశ్నలు వచ్చాయి. ఒకటి మాత్రం ఇప్పుడే చదువుతాను, ఎందుకంటే రాసినవారికి అది అవసరమని అక్షరాలే చెబుతున్నాయి. "థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను, సోయా మానేయాలా?" అమ్మా, థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే ఎంజైమ్‌ను జెనిస్టీన్ అడ్డుకుంటుందని 1997లో గాజుపాత్రలో చూశారు. ఎలుకల్లో ఆ ఎంజైమ్ చాలావరకు పనిచేయడం మానినా రక్తంలో హార్మోన్ మాత్రం మామూలుగానే ఉంది. అయోడిన్ సరిపడా ఉన్న పెద్దవాళ్లలో గ్రంథి చెడిన దాఖలా కనిపించలేదు. మీ విషయంలో ఇబ్బంది వేరే చోట ఉంది. సోయా మీ మాత్రను పేగులో సరిగా పీల్చుకోనివ్వకపోవచ్చు. మాత్రను పరగడుపున వేసుకోండి, సోయాను దానికి కొన్ని గంటల ఎడంలో తినండి, తినే మొత్తాన్ని రోజుకో రకంగా మార్చకండి. కొత్తగా మొదలుపెడితే మీ వైద్యుడికి చెప్పి, థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష మళ్లీ చేయించుకోండి. మిగతా చీటీలు ఇలా ఇవ్వండి.